కుడితి గోలెంలో తోకకప్పలు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి, ఎవరు తింటున్నట్టు?

గౌతమి_గట్టు (కొత్తపేట దగ్గర, కోనసీమ)

నమస్కారమండీ. గేదెల్ని అమ్మేశాక మా పెరట్లో కుడితి గోలెం ఖాళీగా పడుంది. మొన్న ముసురు పట్టినప్పుడు మా పెద్దమ్మాయి (ఏడో తరగతి) కొబ్బరితోట వెనక బోదెలోంచి (చిన్న నీటికాలవ) పెయింటు బకెట్టుతో తోకకప్పల్ని ముంచుకొచ్చి అందులో పోసింది. కాళ్ళొచ్చి కప్పలయ్యేదాకా చూస్తుందట. ఫోను చూడ్డం కన్నా నయం కదా అని నేనూ ఊరుకున్నాను.

వాటితో పాటు బోదెలో ఉన్నవన్నీ వచ్చేశాయి. అంతరతామర మొక్కలు, నాచు, అడుగున ఇంత బురద, ఇంకా నాకు పేర్లు తెలియని పురుగులు. నీళ్ళ మీద గిరగిరా తిరిగే నల్లటివి తెలుసు, చిన్నప్పుడు చెరువు రేవులో చూసేవాళ్ళం. వెల్లకిలా పడుకుని రెండు పొడుగు కాళ్ళతో ఈదేవి కొన్ని. ఇవి కాక ఆకుల కింద అంటుకుని బల్లపరుపుగా ఒక గోధుమరంగు పురుగు ఉంది, బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. బురదలో కదలకుండా కూర్చునేది ఇంకోటి, ఆరు కాళ్ళు, పెద్ద కళ్ళు, ఒంటినిండా మట్టి.

ఇప్పుడు సమస్య ఏంటంటే తోకకప్పలు తగ్గిపోతున్నాయి. మొదట్లో గ్లాసు ముంచితే నాలుగైదు వచ్చేవి, ఇప్పుడు వెతుక్కోవాలి. చచ్చి తేలితే సరే అనుకోవచ్చు. కొన్నిసార్లు పల్చటి తెల్లటి తొక్క మాత్రం తేలుతోంది, లోపల ఏమీ ఉండదు. కొన్నిటికి ఆ తొక్క కూడా లేదు, మాయం. మా అత్తగారు కాకి పనే అంటారు. పైన పాత దోమతెర కట్టాం, కాకి ఎలా వస్తుందండీ?

మేతగా అన్నం మెతుకులు వేస్తున్నాం, పొద్దున్నా సాయంత్రం. నీళ్ళు కుళాయివి. కొద్దిగా వాసన వస్తోంది. ఉన్నవాటిలో చిన్న నల్లటివి గుంపుగా తిరుగుతాయి, మట్టిరంగులో పెద్దవి కొన్ని విడివిడిగా ఉంటాయి, పేగులు కూడా బయటికి కనపడేంత పల్చటివి ఇంకొన్ని. అన్నీ ఒకటే జాతి కాదేమో. మా ఆయన "ఇంత బ్లీచింగ్ వేసి కడిగెయ్, దోమలొస్తాయి" అంటున్నారు. అమ్మాయి ఏడుపు. ఎవరైనా పెంచినవాళ్ళుంటే చెప్పండి.

రావులపాలెం_సెంటర్

పిల్ల ముచ్చట కాదనను గానీ ఇది డెంగీ సీజనండి. ఇంటి దగ్గర నిలవ నీళ్ళు పెట్టుకోవడం ఏంటి? మా పంచాయతీ వాళ్ళు డ్రెయిన్లలో ఆయిల్ బాల్స్ వేస్తున్నారు. మీరు ఒక మూత కిరసనాయిలు పొయ్యండి, దోమ పిల్లలూ పోతాయి, ఆ పురుగులూ పోతాయి. తోకకప్పలకి ఏం కాదు, అవి నీళ్ళలోపల ఉంటాయిగా. ఇంకోమాట, కప్పలుంటే వెనకాలే పాములొస్తాయి.

ల్యాబ్_నీళ్ళు (ఉండి, భీమవరం పక్కన)

రావులపాలెం గారూ, కిరసనాయిలు మాత్రం వద్దండి. గౌతమి గారూ, బ్లీచింగ్ అసలే వద్దు. నేను ఆక్వా ల్యాబ్‌లో పని చేస్తాను. రొయ్యల చెరువుల నుంచి సీసాల్లో నీళ్ళు తెస్తారు, పీహెచ్, అమ్మోనియా, ఉప్పు శాతం చూసి చీటీ రాసివ్వడం నా ఉద్యోగం. ఏటా వానాకాలం మా డాబా మీద తొట్టెల్లో తోకకప్పలూ ఉంటాయి, వాటిని తినేవీ ఉంటాయి. ఇంట్లోవాళ్ళు అనడం మానేశారు.

ముందు దొంగ సంగతి. మీరు రాసిన గుర్తుల్ని బట్టి గోలెంలో ఇద్దరున్నారు, ముగ్గురు కూడా అయి ఉండొచ్చు.

తొక్క మిగిల్చేది ఆ బల్లపరుపు గోధుమరంగు పురుగు. దానికి నమిలే నోరు లేదు, గట్టి సూది ముక్కు ఉంటుంది. ముందుకాళ్ళతో తోకకప్పని ఒడిసిపట్టి పొడుస్తుంది, లోపల మాంసాన్ని కరిగించే రసం ఎక్కిస్తుంది, కరిగినదాన్ని పీల్చేస్తుంది. పని అయ్యాక తొక్క వదిలేస్తుంది, అదే మీకు తేలుతూ కనపడేది. చేతికి తగిలితే మనల్నీ పొడుస్తుంది, మంట తొందరగా తగ్గదు. అమ్మాయిని చేత్తో తియ్యనివ్వకండి, పాత టీ వడపోత ఇవ్వండి. తోక చివర సన్నగా పొడుగ్గా గొట్టం ఉన్న పురుగు కనపడితే అది నీటితేలు, ఇదీ పొడిచి పీల్చే బాపతే. ఆ గొట్టం చూసి అందరూ భయపడతారు గానీ అది కుట్టడానికి కాదు, చివర నీటిపైకి పెట్టి గాలి పీల్చుకోవడానికి. వెల్లకిలా ఈదేవి కూడా అంతే, కాకపోతే చిన్నవి కాబట్టి అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లల మీద, దోమ పిల్లల మీద పడతాయి.

ఆనవాలు లేకుండా మాయం చేసేది బురదలో కూర్చున్నది. అది తూనీగ పిల్ల. మనం తూనీగ అంటే గాల్లో ఎగిరేదే అనుకుంటాం, దాని చిన్నతనమంతా నీళ్ళలోనే. దాని కింది పెదవి మడతపడి మొహం కింద దాగి ఉంటుంది, చివర రెండు కొక్కేలు. తోకకప్ప అందేంత దగ్గరికొచ్చిందంటే పెదవి విసురుగా ముందుకు సాగి పట్టుకుని నోటి దగ్గరికి లాక్కొచ్చేస్తుంది. మామూలుగా చూస్తే మనకి ముందు తోకకప్ప ఉంది, తర్వాత నోట్లో ఉంది, మధ్యలో ఏం జరిగిందో తెలీదు. ఫోన్లో స్లోమోషన్ పెట్టి తీస్తే తెలుస్తుంది. తర్వాత తీరిగ్గా నములుతుంది, తోక చివర దాకా.

మీ అమ్మాయికి ఒక పని చెప్పండి. తెల్ల పింగాణీ పళ్ళెంలో వేలు మునిగేటన్ని నీళ్ళు పోసి, తూనీగ పిల్లని అందులో వేసి, దాని వెనక చిటికెడు సన్న ఇసుక చల్లమనండి. కదపకుండా ఉంటే ఆ ఇసుక రేణువులు ముందుకీ వెనక్కీ ఊగుతాయి. అది వెనక భాగంతో నీళ్ళు లోపలికి తీసుకుని వదులుతోందన్నమాట, దాని మొప్పలు పేగు చివర ఉంటాయి. పుల్లతో తాకితే అదే నీటిని ఒక్క ఊపున వెనక్కి చిమ్మి ముందుకి దూసుకుపోతుంది. కాళ్ళు కదపనే కదపదు. తోక చివర మూడు ఆకుల్లాంటివి ఉన్న సన్నటి పిల్ల దొరికితే అది సూదితూనీగది, వాటికి మొప్పలు ఆ ఆకులు.

మూడో దొంగ మీ మట్టిరంగు పెద్ద తోకకప్పలేనేమో చూడండి. అవి బావురుకప్ప పిల్లలైతే వాటికి మిగతా తోకకప్పలే మేత. అదను దొరికితే తమ జాతివాటినీ వదలవు. విడివిడిగా తిరుగుతున్నాయన్నారు కాబట్టి నాకు అనుమానం వాటి మీదే ఎక్కువ. గుంపుగా తిరిగే నల్లటివి, వీధిలైటు కింద పురుగుల కోసం కూర్చునే బొడిపెల కప్ప ఉంటుంది చూడండి, దాని పిల్లలు. ఆ కప్ప గుడ్లు పొడుగాటి జిగురు దారాల్లా పెడుతుంది, ఒక్కోసారి వేలల్లో. పేగులు కనపడేవి చిన్నమూతి కప్పలవి. అవి అడుగున నాచు గీక్కుని తినవు, నీటి మధ్యలో వేలాడుతూ నీళ్ళు వడకట్టుకుని తింటాయి. ఇన్ని రకాలు ఒకే గోలెంలో ఉంటే ఎవరు ఎవరికి మేతో చెప్పక్కర్లేదు. పెద్దవాటిని వేరే తొట్టిలోకి మార్చండి, అందులో కూడా ఒకదానికొకటి కనపడకుండా నాచు దట్టంగా వెయ్యండి.

కిరసనాయిలు సంగతి. మా చేపల రైతులు నర్సరీ చెరువులో శీలావతి, బొచ్చె స్పాన్ (అప్పుడే పుట్టిన చేప పిల్లలు) వదిలే ముందు సబ్బు నూనె కలిపి చల్లుతారు, హెక్టారుకి 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు లెక్కన. నూనె పొర పైన పరుచుకుంటే గాలి కోసం పైకొచ్చే పురుగులన్నీ ఊపిరాడక చస్తాయి. ఆ వెల్లకిలా ఈదేవి ఉంటే చేప స్పాన్ బతకదు, అందుకని చేస్తారు. తూనీగ పిల్ల మాత్రం నీళ్ళలోపలే ఊపిరి తీసుకుంటుంది కాబట్టి దానికి ఆ పొరతో పనిలేదు. అంటే మీరు కిరసనాయిలు పోస్తే పెద్ద తిండిపోతు మిగిలి, దోమ పిల్లల్ని తినే చిన్నవి పోతాయి. తోకకప్పలు కూడా పెరిగే కొద్దీ గాలి మింగడానికి పైకొస్తాయి, వాటికీ దెబ్బే. దోమల భయానికి దోమతెర అంచులు గోలెం చుట్టూ తాడుతో బిగించి కట్టండి, అంతకన్నా మందు లేదు. ఎలాగూ ఇన్ని నోళ్ళున్న గోలెంలో దోమ పిల్ల పెద్దదయ్యే అవకాశం తక్కువ.

ఇక వాసన. నిజం చెప్పాలంటే నాకు పురుగుల కన్నా దీని గురించే టెన్షన్. మెతుకులు ఆపెయ్యండి. మిగిలిన మెతుకు కుళ్ళితే అమ్మోనియా, పైగా తోకకప్పలు విసర్జించేది కూడా చాలావరకు అమ్మోనియానే. పీహెచ్ పెరిగినా, నీళ్ళు వేడెక్కినా అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది, అందుకే మధ్యాహ్నం ఎండ పడే చోట గోలెం ఉంటే పైన కొబ్బరాకు కప్పండి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ కూడా తక్కువ నిలుస్తుంది. మీ ఊళ్ళో ఆక్వా ల్యాబ్ ఉంటే సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళండి, కిట్‌లో రంగు చూసి చెప్పేస్తారు.

మేతగా తోటకూరో పాలకూరో ఉప్పు వెయ్యకుండా మెత్తగా ఉడకబెట్టి, చల్లారాక వేలి చివర పట్టేంత. గంటా రెండు గంటల్లో మిగిలింది తీసెయ్యాలి. బావురుకప్ప పిల్లలకి దోమ పిల్లలు వేస్తే చాలు. రొయ్యల ఫీడు మాత్రం తెచ్చి వెయ్యకండి, ఈ ఏరియాలో ప్రతి ఇంట్లో ఒక గుప్పెడు దొరుకుతుంది కాబట్టి చెబుతున్నా. అందులో ప్రొటీన్ ఎక్కువ, గోలెం నీళ్ళు తెల్లారేసరికి పాడవుతాయి.

కుళాయి నీళ్ళు నేరుగా పొయ్యకూడదు, అందులో క్లోరిన్ ఉంటుంది. బకెట్లలో మూత లేకుండా ఒక రోజంతా ఎండలో పెట్టి పొయ్యండి. ఆక్వా షాపుల్లో సోడియం థయోసల్ఫేట్ అని క్లోరిన్ విరిచే పలుకులు అమ్ముతారు, నాలుగు బకెట్లకి అంత హంగామా అక్కర్లేదు. వాన నీళ్ళు పట్టుకుంటే ఇంకా మంచిది. బోరు నీళ్ళు నాలుక మీద కొంచెం ఉప్పగా తగిలినా వద్దు. ఒకేసారి మొత్తం మార్చకండి, మూడో వంతు తీసి మూడో వంతు పొయ్యండి. ఎన్ని ఉంచాలంటే లీటరుకి ఒకటి, రెండు. ఎక్కువైతే ఎదగవు.

పురుగుల్ని పారెయ్యమని నేను అనను. ఇంకో తొట్టి పెట్టి అందులో వెయ్యండి. తూనీగ పిల్ల ఉన్న తొట్టిలో ఒక గరుకు పుల్ల నీళ్ళలోంచి జానెడు బయటికొచ్చేలా నిలబెట్టండి. తయారయ్యాక రాత్రిపూట దాన్ని పట్టుకుని పైకెక్కి వీపు చీల్చుకుని తూనీగ బయటికొస్తుంది.

గౌతమి_గట్టు

ల్యాబ్ గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్సండి. మొత్తం చదివి మా ఆయనకి కూడా వినిపించాను. ఆదివారం పొద్దున్నంతా గోలెం దగ్గరే. మగ్గుతో తీసి వడపోతలో పోసి, మీరన్నట్టు పళ్ళెంలో వేసి చూశాం.

ఇసుక నిజంగానే ఊగిందండీ! మా చిన్నది కూడా వచ్చి కూర్చుంది. పుల్లతో తాకితే పళ్ళెం ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. మా ఆయన "వెనక నుంచి ఊపిరి పీల్చేదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అని అప్పటి నుంచి అక్కడే ఉన్నారు. బ్లీచింగ్ మాట ఎత్తలేదు.

గోధుమరంగువి మూడు దొరికాయి. వాటిలో ఒకదాని వీపంతా నూకల్లా ఏవో అంటుకుని ఉన్నాయి, వరసగా, నిలబెట్టినట్టు. బూజు పట్టిందేమో అని అమ్మాయి టూత్‌బ్రష్‌తో గీకబోతే ఆపాను. అవేంటండీ?

ఇంకోటి. మట్టిరంగు వాటిలో ఒకదానికి వెనక కాళ్ళు బాగా వచ్చాయి. ముందు వైపు ఎడమ చెయ్యి మాత్రమే ఉంది, కుడిది లేదు. పురుగు కొరికేసిందా, పుట్టుకతోనే అవిటిదా? అమ్మాయి దానికి అప్పుడే ఒక పేరు కూడా పెట్టేసింది, అందుకే నాకు బెంగ.

ల్యాబ్_నీళ్ళు

గీకకుండా ఆపారు, మంచి పని చేశారు. అవి గుడ్లు. మోసేది తల్లి కాదు, తండ్రి. ఆడది మగదాని వీపు మీదే గుడ్లు అంటించి తన దారిన పోతుంది. అవి పొదిగేదాకా వాడు రెక్కలు విప్పడానికి ఉండదు. నీటి పైకంటా వచ్చి వీపు గాలికి పెడతాడు, మళ్ళీ కిందికి దిగి కాళ్ళతో నీళ్ళు ఆడిస్తాడు. గుడ్లకి తడీ కావాలి, గాలీ కావాలి, రెండూ చూసుకునేది వాడే. వీపు నుంచి ఊడదీస్తే గుడ్లు సాధారణంగా పొదగవు. వాణ్ణి ఒక్కణ్ణే ఒక సీసాలో నాచుతో పెట్టి, రోజుకొకటి దోమ పిల్లలో ఈగలో వెయ్యండి. గుడ్ల రంగు ముదిరి ఉబ్బితే ఇక ఒకట్రెండు రోజులే. పిల్లలు బయటికి వచ్చాక విడిగా పెట్టకపోతే అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. సాయంత్రం పూట చూడండి, వాడు వీపు పైకెత్తే తీరు.

చెయ్యి సంగతి పాలకొల్లు మాష్టారు చెబితే బాగుంటుంది, ఆయన ఈ గుంపులోనే ఉన్నారు.

పాలకొల్లు_బయాలజీ

చెబుతానండీ. అమ్మా, అది అవిటిది కాదు, కంగారు పడకండి. వెనక కాళ్ళు బయటే మొలకెత్తి మనకి కనపడుతూ పెరుగుతాయి. ముందు కాళ్ళు అలా కాదు, మొప్పల్ని కప్పిన చర్మం సంచి లోపల పెరుగుతాయి. అప్పటికే మోచెయ్యి, వేళ్ళు అన్నీ తయారై ఉంటాయి, మనకే కనపడవు. తోకకప్పకి ఎడమ పక్కన ఒక చిన్న రంధ్రం ఉంటుంది, మొప్పల మీదుగా వచ్చిన నీళ్ళు బయటికి పోయేది అక్కడి నుంచే. ఎడమ చేతికి ఆ దారి సిద్ధంగా ఉంది కాబట్టి అందులోంచి మోచెయ్యి బయటికి తోస్తుంది. కుడి చేతికి దారి లేదు, చర్మాన్ని పల్చబరచుకుని చీల్చుకు రావాలి. కొన్ని గంటలు తేడా రావచ్చు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. భూతద్దం ఉంటే కుడి వైపు చర్మం కింద మోచెయ్యి కదలడం కూడా కనిపిస్తుంది.

ముఖ్యంగా ఇక్కడ నుంచి జాగ్రత్త. చేతులు వచ్చాక అది తినడం ఆపేస్తుంది. గీకే కొమ్ము ముక్కు రాలిపోయి పెద్ద నోరు వస్తుంది, పొడుగాటి పేగు కుంచించుకుపోతుంది. తోక ఊడిపడదు, లోపలికే ఇంకిపోతుంది, ఆ రోజుల్లో దాని తిండి అదే. అప్పటికి మొప్పలు పోయి ఊపిరితిత్తుల మీద బతుకుతుంది, కాబట్టి గట్టు దొరక్కపోతే నీళ్ళలో పెరిగినదే నీళ్ళలో మునిగి చచ్చిపోతుంది. గోలెం గోడ నిటారుగా ఉంటుంది. ఎండిన కొబ్బరిమట్ట ముక్క ఒకటి ఏటవాలుగా ఆనించండి, సగం నీళ్ళలో, సగం బయట.

మా క్లాసులో ప్రతి ఏడాదీ ఎవడో ఒకడు అడుగుతాడు, అయోడిన్ ఉప్పు వేస్తే తొందరగా కప్పలవుతాయా అని. వాళ్ళ ఆలోచన తప్పు కాదు. థైరాయిడ్ హార్మోను వల్లే ఈ మార్పు జరుగుతుంది, దానికి అయోడిన్ కావాలి. 1912లో గుడెర్నాచ్ అనే ఆయన తోకకప్పలకి థైరాయిడ్ గ్రంథి ముక్కలు తినిపిస్తే అవి పెరగాల్సినంత పెరగకుండానే బుల్లి కప్పలైపోయాయి. అయితే మన వంటింటి ఉప్పు వేస్తే అయోడిన్ పని చేసేలోపు ఉప్పే వాటిని చంపుతుంది. మీ అమ్మాయికి ఈ ఐడియా రాకముందే చెప్పెయ్యండి.

దాళ్వా_రైతు (రాజోలు వైపు)

అమ్మా గౌతమీ, అందరూ సైన్సు చెప్పారు, నేను బోదె సంగతి చెబుతాను. ఇప్పుడు ఆ బోదెలోకి నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో ఒకసారి నడిచి చూడు. పైన ఎవరైనా నారుమడిలో పురుగుమందు గుళికలు చల్లి ఉంటే ఆ వారమంతా బోదె నీళ్ళు ముంచకు. రొయ్యల చెరువు నీళ్ళు వదులుతుంటే ఇంకా అధ్వాన్నం, ఉప్పు. మా పొలం పక్క మురుగు బోదెలో ఇదివరకు అడుగేస్తే చాలు కప్పలు దభీమని నీళ్ళలో దూకేవి. చెరువులు తవ్వాక ఆ చప్పుడు లేదు. మా ఊరి వరకే చెబుతున్నా, మీ వైపు ఎలా ఉందో.

కాలవ కట్టేసి మళ్ళీ తొలకరికి వదిలితే, దమ్ముచేసిన చేలల్లో రాత్రంతా బావురుకప్పల మోతే. మగవి అప్పుడు పసుపు రంగుకి తిరుగుతాయి, గొంతు పక్కన నీలం సంచులు ఉబ్బుతాయి. చూస్తే ఎవరో రంగు పూసారంటావు. నా కుర్రతనంలో పెట్రోమాక్స్ లైట్లు పట్టుకుని గోనెసంచుల్లో పట్టుకుపోయేవారు, కాళ్ళు విదేశాలకి ఎగుమతి. 1987లో ఆ ఎగుమతి ఆపేశారు. వానలు ముఖం చాటేస్తే మాత్రం అదే కప్పని రోకలికి కట్టి వేపమండలతో ఇల్లిల్లూ తిప్పి నీళ్ళు పోయించేవాళ్ళు. ఒక చేత్తో కాళ్ళు అమ్ముకోవడం, ఒక చేత్తో దండం పెట్టడం, మనవాళ్ళకే చెల్లింది.

రావులపాలెం బాబూ, పాములన్నావు. కప్పల కోసం వచ్చేది ఎక్కువగా నీరుకట్టె. దానికి విషం లేదు, కోపం మాత్రం ఉంది, పట్టుకోబోతే కరుస్తుంది. దోమతెర బిగించి కట్టి, గోలెం చుట్టూ గడ్డి పెరక్కుండా చూసుకుంటే చాలు. కొబ్బరి డొక్కల పోగు గోలెం పక్కనే పెట్టకు తల్లీ, పాముకి ఇల్లు కట్టినట్టే. రాత్రి టార్చిలైటు లేకుండా పిల్లల్ని అటు పంపకు.

రావులపాలెం_సెంటర్

నేను దోమల గురించి అన్నానండి, ఎవర్నీ కించపరచలేదు. దోమతెర కట్టారు కాబట్టి సరే. కానీ ఆ పురుగుల తొట్టికీ, తండ్రి పురుగు సీసాకీ కూడా మూత ఉందా? నిలవ నీళ్ళు అక్కడా ఉన్నాయి కదా.

ల్యాబ్_నీళ్ళు

మంచి మాటే అన్నారు. సీసాకి పల్చటి గుడ్డ రబ్బరుబ్యాండుతో కట్టాలి. తూనీగ తొట్టికి వల వేసినా పుల్ల పైన జానెడు ఖాళీ ఉండాలి, లేకపోతే బయటికొచ్చిన తూనీగకి రెక్కలు సాచుకోవడానికి చోటుండదు, ముడతలు పడి అలాగే ఆరిపోతాయి.

గౌతమి_గట్టు

అందరికీ చాలా చాలా థాంక్స్. చివరి కబురు రాసి వదిలేస్తా. మాష్టారు చెప్పినట్టే కుడి చెయ్యి మర్నాటికి వచ్చేసింది. అమ్మాయి బడికెళ్ళే ముందు చూసింది, అప్పటికి మోచెయ్యి దగ్గర చర్మం బుడిపెగా లేచి ఉంది, సాయంత్రానికి పూర్తిగా బయట. ఇప్పుడు కొబ్బరిమట్ట మీద కూర్చుంటోంది, తోక ఇంకా సగం ఉంది. పెద్దవాటిని వేరే తొట్టిలో పెట్టాక నల్లటివి తగ్గడం ఆగింది, అంటే అసలు దొంగ అవే! పురుగుల మీద పడ్డ నింద సగం పోయింది. తోటకూర మొదలెట్టి నీళ్ళు మార్చాక వాసన లేదు.

తండ్రి పురుగు సీసా మా ఆయన తన బల్ల మీద పెట్టుకున్నారు. దానికి దోమ పిల్లలు కావాలని పక్కింటి వాళ్ళ కూలర్ ట్యాంకులో చూసొచ్చారు. ఉన్నాయిట. ఆవిడకి చెప్పి ఖాళీ చేయించారు కూడా.

ఒక్క ప్రశ్న మిగిలింది. తోక పోయాక ఎన్నాళ్ళు ఉంచుకోవచ్చు? అమ్మాయి పెద్ద కప్ప అయ్యేదాకా అంటోంది.

ల్యాబ్_నీళ్ళు

ఉంచుకోవద్దండి. తోక ఇంకిపోయాక దానికి కదిలే మేతే కావాలి, అది కూడా నోట్లో పట్టేంత చిన్నది. చిన్న ఈగలు, పేలంత పురుగులు రోజూ ఎక్కడి నుంచి తెస్తారు? వారంలో బక్కచిక్కిపోతుంది. తోక మొదలు కొంచెం కనపడుతుండగానే వదిలెయ్యండి. ఎక్కడ ముంచుకొచ్చారో అక్కడే, ఆ బోదె గట్టు మీదే. వేరే చెరువులో వదిలితే నీళ్ళతో పాటు కప్పల చర్మానికి పట్టే బూజు జబ్బుల్లాంటివి కూడా మోసుకెళ్ళినట్టవుతుంది. చేపలున్న చెరువు అసలే వద్దు. వాన వెలిసిన సాయంత్రం, గట్టు మీద గడ్డి తడిగా ఉన్నప్పుడు, కొబ్బరిమట్టతో సహా తీసుకెళ్ళి నీటి అంచున ఆనించండి, దిగేది అదే దిగుతుంది. గోలెంలో మిగిలిన నీళ్ళు కాలవలో పారబోయకండి, కొబ్బరిచెట్టు పాదులో పొయ్యండి.